పుస్తకంలో ఉన్న ఎలుగు

ఆ రోజుల్లో కదలకుండా కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనని ఎవరైనా చెబితే ఎగిరి గంతేసేవాణ్ణి. తీరా దొరికింది అదే, నాకేమో కాలు ఒకచోట నిలవదు. ఉద్దానం అంగన్‌వాడీలకు ఆటపాటల పుస్తకం ఒకటి పంచారు. టీచర్లు దాన్ని ఉన్నదున్నట్టు నడుపుతున్నారా అని మూలన కూర్చుని మార్కులు వేయాలి. మాట్లాడకూడదు, నవ్వకూడదు, లేవకూడదు (తుమ్మొచ్చినా ఆపుకోవాలేమోనని నా అనుమానం). ఆఖరి పరీక్షగా మా పెద్దసారు ఇంకో మూలన కూర్చుని విడిగా మార్కులు వేస్తారు. ఇద్దరివీ కలిస్తే ఉద్యోగం ఖాయం. కలవకపోతే నౌపడ ఉప్పుమడుల్లో మా మావ నా కోసం పార సిద్ధంగా ఉంచాడు.

ఆ ఉదయం పలాస బస్సు ఆలస్యం. పైగా ఒక పిల్ల నా ఒళ్లో చేరి పెన్ను లాగుతోంది. మార్కు వేసినప్పుడల్లా సారు వైపు దొంగచూపు చూస్తున్నాను, ఆయన నా వైపు చూడకపోవడం మరీ భయంగా ఉంది. ఇంతలో టీచరమ్మ కథ మొదలుపెట్టింది. పుస్తకం ప్రకారం కథ మధ్యలో పిల్లలంతా గట్టిగా "ఎలుగొచ్చింది!" అని అరవాలి. జీడితోటల్లోంచి నిజంగానే ఎలుగుబంట్లు దిగే ఊళ్లో ఆ మాట అరిపించకూడదని రాసినవాళ్లకేం తెలుసు? పిల్లలు కొంపలంటుకున్నట్టు అరిచారు.

అంతే, తోటల్లోంచి జనం కర్రలతో వచ్చిపడ్డారు. "ఏటి, ఎటు పోనాది?" "ఎనకవైపే పోనాదిరా!" అది కథేనని తెలిసి కూడా నా కాళ్లు నన్నడక్కుండా లేచాయి. ఒళ్లో పిల్లను టీచరమ్మకిచ్చి, మార్కుల కాగితం ఉన్న అట్ట చంకన పెట్టుకుని, వెళ్లి పెరటి గోడెక్కాను. (ఎలుగు కూడా గోడలెక్కుతుందని తర్వాత తెలిసింది.) అక్కడ అప్పటికే సారు ఉన్నారు.

లోపల టీచరమ్మ కర్రలతో వచ్చినవాళ్ల ముందు మొత్తుకుంటోంది. "ఎలుగూ లేదు, గిలుగూ లేదు మావా! ఎప్పుడూ నక్కొచ్చిందనే సెప్పించేదాన్ని. ఇయ్యాల సారోలొచ్చినారని పుస్తకంలో ఉన్నట్టే సెప్పించినాను."

సారు గోడ మీదే నా కాగితం అడిగి తీసుకుని, తనదాని పక్కన పెట్టి చూశారు. ఎలుగు దాకా మార్కులన్నీ ఒకటే. ఎలుగు దగ్గర్నుంచి ఇద్దరివీ ఖాళీ.

"బాగా కలిశాయయ్యా" అన్నారు, దిగే దారి వెతుక్కుంటూ.

ఇప్పుడు పెద్దసారు కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరినవాళ్లు ఇద్దరి మార్కులూ అచ్చంగా కలిశాయని సంబరంగా వస్తే, "ఎలుగేమైనా వచ్చిందేటి?" అని అడుగుతాను. పాపం, వాళ్లకు అర్థం కాదు. బల్ల కింద నా కాళ్లు మాత్రం ఇప్పటికీ ఒకసారి ఉలిక్కిపడతాయి.