లైన్లో నిలబడ్డ నా చెప్పులు

మొన్న ఓట్ల రోజున నేను రాసిన ఒక్క మెసేజికి మా ఊరికి ఆఫీసరుగారి జీపు పరిగెత్తుకొచ్చింది, తెలుసా! నవ్వకండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషిని నేను.

మా మనవరాలు శిరీష నరసన్నపేటలో ఒక చిన్న న్యూస్ ఛానెల్లో రిపోర్టరు. టీవీలో కాదు, ఫోన్లో వచ్చే ఛానెలు. పేపర్లో పెద్దక్షరాలు చూపించి నాకు అఆలు దిద్దించింది కూడా అదే. ఈసారి ఎలక్షన్లకి దానికో ఆలోచన వచ్చింది. ఊరికో మనిషి ఉండాలి. పోలింగ్ బూత్ దగ్గర జరిగేది గంటగంటకీ ఫోన్లో రాసి పంపాలి. వాళ్ళు దాన్ని మ్యాపు మీద పెడతారు. ఓట్లు బాగా పడుతున్న ఊరు పచ్చగా, ఏదైనా తేడా ఉన్న ఊరు ఎర్రగా కనిపిస్తుందట.

"కార్లేసుకుని అందరూ పెద్దూళ్ళే తిరుగుతారు మామ్మా. మనూరెవరు సూస్తారు?" అంది.

"మరి మనూరికెవర్ని ఎట్టేవే?"

"నిన్నే."

నేను ఫోను చేతికి తీసుకున్నాను.

"కానీ మా ఎడిటరుగారికి నమ్మకం లేదు. ఒక్క తప్పు వార్తొచ్చినా మ్యాపు తీసెత్తానన్నారు. నువ్వు సూసిందే రాయి. ఇన్నది రాయకు. ఊహించి అసలే రాయకు" అని గట్టిగా చెప్పింది.

ఓట్ల రోజు పొద్దున్నే ఉతికిన చీర కట్టేను. బొడ్లో పెన్ను కూడా దోపేను. ఫోన్లో రాయడానికి పెన్నెందుకో నాకే తెలీదు! ఓట్లేసే బడి దగ్గరికెళ్ళి ముందు లైన్లో నా చెప్పులు విడిచేను. రేషన్ డిపో అయినా, ఓట్లయినా మా ఊరి పద్ధతి అదే. ఎండలో మనిషెందుకు, చెప్పులు నిలబడతాయి. లైను కదిలితే వెనకవాళ్ళు కాలితో ముందుకి జరుపుతారు. వాటిని దాటి ఎవరూ వెళ్ళరు; వంతుకి మనిషి రాకపోతే మాత్రం గుమ్మం పక్కన పెట్టి ఉంచుతారు.

ఫోను పట్టుకుని బడి చుట్టూ గీసిన సున్నం గీత దాటకూడదన్నారు. అందుకని ఫోను గీత బయటున్న టీ కొట్టు నరసమ్మ వదినకిచ్చి, లోపలికెళ్ళి చూసి, తిరిగొచ్చి రాయడం. చెప్పులేమో లైన్లో ఉన్నాయి కదా! కాలే నేల మీద వట్టి కాళ్ళతో గెంతులే గెంతులు.

"ఏటొదినా, రిపోర్టరమ్మ డాన్సు కూడా సెయ్యాలేటి?" అని నరసమ్మ వదిన ఒకటే నవ్వు.

పదకొండు దాటింది. మళ్ళీ వెళ్ళి చూసేను. లైన్లో మనిషన్నవాడు లేడు. చూసిందే రాయమంది కదా? ఒత్తులూ దీర్ఘాలూ వెతుక్కుంటూ పావుగంట కష్టపడి రాసేను: 'లైన్లో ఒక్క మనిషి కూడా లేరు.' చెప్పుల సంగతి రాయలేదు. చెప్పులు కూడా వార్తేనా?

కాసేపటికే ఫోను మోగింది.

"మామ్మా! ఏటి రాసేవు? మ్యాపు మీద మనూరు ఎర్రగా అయిపోనాది! ఊరంతా ఓటు మానేసిందని కింద అక్షరాలు తిరుగుతన్నాయి! ఎడిటరుగారు నా నెత్తి మీద నిలబడ్డారు!"

"సూసిందే రాసేనే. మనుసుల్లేరు."

"మరి ఓట్లెవరేస్తన్నారు?"

"మనుసులే. ఆల్లు బడి గోడ నీడన కూకున్నారు. లైన్లో సెప్పులున్నాయి."

 ఇంక ఏడ్చేస్తుందేమో అనుకున్నాను. దాని మ్యాపుని చేతులారా ముంచేశాను కదా!

"మామ్మా... ఆ సెప్పుల్ని ఫొటో తియ్యి. గీత బయట్నించే."

తీసేలోపే జీపు వచ్చేసింది. ఆఫీసరుగారు చెమట తుడుచుకుంటూ దిగి, "ఓట్లెందుకు మానేశారమ్మా?" అన్నారు. గోడ చాటునుంచి ఊరంతా లేచి నిలబడింది.

"మానడమేటి బాబూ! తవరు కూడా లైన్లోకొస్తారా? సెప్పులిప్పి ఎనకాల ఎట్టండి" అంది నరసమ్మ వదిన.

ఆయన ఆ చెప్పుల వరసని చూసేరు, తలెత్తి ఎండని చూసేరు. ఎవరికో ఫోను చేసేరు. మధ్యాహ్నానికల్లా షామియానా వచ్చింది, మంచినీళ్ళ డ్రమ్ములొచ్చాయి.

ఆ తర్వాత నేను తీసి పంపిన చెప్పుల ఫొటో పెట్టి, శిరీష వార్త సరిచేసి రాసింది: 'ఆ ఊళ్ళో ఓటర్లు ఉన్నారు. నీడే లేదు.' అంతే! మా దగ్గరా చెప్పులే నిలబడ్డాయని అటు భావనపాడు నుంచి కూడా ఒకావిడ ఫొటో పంపిందట. "మీ మామ్మ తప్పు రాయలేదు, సగం రాసింది. మ్యాపు ఉండనీ" అన్నారట ఎడిటరుగారు. ఆ మాట నరసమ్మ వదినకి నాలుగుసార్లు చెప్పేను.

సాయంత్రం శిరీష స్కూటీ మీద వచ్చింది. నా ఫొటో కూడా ఛానెల్లో వేస్తారట!

"ఏదీ మామ్మా, సిరా ఏలు సూపించు."

గర్వంగా ఎత్తి చూపించేను. వేలు మీద సిరా చుక్క లేదు!

ఒకటే పరుగు. తలుపులేసే వేళయింది. ఊరి జనం ఎంత ధర్మంగా జరుపుకుంటూ వచ్చారో గానీ, గుమ్మం పక్కన నా చెప్పులు ఒక్కటే నిలబడి ఉన్నాయి. లోపల వేలిముద్ర వెయ్యలేదు, సంతకం పెట్టేను. బయటకొచ్చి ఆ రోజు ఆఖరి మెసేజి రాసేను. ఈసారి సగం కాదు, మొత్తం రాసేను:

'ఆఖర్న లైన్లో ఒక్క మనిషి ఉంది. ఆ మనిషి కంటే చెప్పులే ముందొచ్చాయి.'