నూరా ఎవరి వైపు

జెద్దాలో ఒక ప్రైవేటు అక్వేరియంలో తొమ్మిదేళ్లుగా నూరాకు మేత వేస్తున్నవాడు దస్తగిరి. నూరా ఒక మానటీ. నాలుగు వందల కిలోల నీటి జంతువు, ఆకులూ గడ్డీ తిని బతుకుతుంది. చూడవచ్చినవాళ్లు సముద్రపు ఆవు అంటారు. రాయచోటి దగ్గర గేదెలు కాసి పెరిగిన దస్తగిరికి మాత్రం అది అచ్చం ఎనుమే. పొద్దున్నే లెట్యూస్ బుట్టలు మోసుకొచ్చి, గట్టున కూర్చుని నీళ్లమీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే చాలు, మీసాల మూతి పైకొచ్చేది. కట్టుకున్నది కూడా తన పిలుపుకు అంత తొందరగా పలకదని తోటివాళ్ల దగ్గర గొప్పలు పోయేవాడు.

డాక్టర్ భవిత వచ్చేదాకా ఆ వైభవం సాగింది. వరంగల్ అమ్మాయి, పశువైద్యురాలు, ఇంకా ముప్పై నిండలేదు. ఎదుటి గట్టున నిలబడి పసుపు పలక ఒకటి నీళ్లలో ముంచేది. నూరా వచ్చి ముక్కు ఆనిస్తే ఈల వేసి ఆకు అందించేది. ఇలా అలవాటు చేస్తే జబ్బు చేసినప్పుడు సూది వేయడం సులువట. రెండు నెలలు తిరిగేసరికి, దస్తగిరి ఎంత నీళ్లు కొట్టినా నూరా అటే పోవడం మొదలైంది. అతని కడుపు భగ్గున మండింది. తొమ్మిదేళ్ల చాకిరీ తనది, ముద్దూ మురిపెం ఆవిడవా? ఆ అమ్మాయి నవ్వినా ఒళ్లు మండేది, "తిన్నరా అన్నా" అని పలకరించినా మండేది.

నూరాకు గెనుసుగడ్డలంటే, అదే చిలగడదుంపలంటే, ప్రాణం. రోజుకు రెండు ముక్కలు మించొద్దని భవిత గోడకు చీటీ అంటించింది. ఆవిడ భోజనానికి వెళ్లడం చూసి దస్తగిరి రోజూ బకెట్టు నిండా తెచ్చి తినిపించాడు. నూరా అతని గట్టు వదల్లేదు. మూడు రోజులు అతనికి కాళ్లు నేలమీద ఆనలేదు.

నాలుగో రోజు నూరా పొట్ట ఉబ్బి, ఒక పక్కకు ఒరిగిపోయింది. మునగబోతుంది, మునగలేకపోతోంది.

"ఏం తిన్నదో తెలిస్తే మందు ఇయ్యొచ్చు," అంది భవిత. "తెల్వకుండ ఇస్తే పాణానికే మోసం."

చెబితే కంపెనీ వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తుంది. దస్తగిరి నూరా వైపు చూశాడు. అది మళ్లీ ఒకసారి మునగబోయి, అలాగే పైన ఉండిపోయింది.

"నేనే మేడం. గెనుసుగడ్డలు పెడ్తి. దినానికొక బకెట్టు, మూడు దినాలు."

"ఎందుకన్నా?"

"మీ కాడికి పోతాంటే ఓర్సుకోలేకపోతి."

భవిత వెంటనే పనిలో దిగింది. మందు కలిపింది, తడి బట్టలతోనే రెండు రోజులు గట్టు మీద గడిపింది. మూడో రోజుకు నూరా తేరుకుంది. మేనేజరుకు పంపే రిపోర్టు పంపేముందు దస్తగిరికి చదివి వినిపించింది. మేత విషయంలో పొరపాటు జరిగింది, అది మా ఇద్దరిదీ అని రాసి ఉంది.

"మీ తప్పేముండాది మేడం?"

"వచ్చిన్నాడే మీతోని మాట్లాడి ఉండాల్సింది. దాని సంగతి నాకంటే మీకే ఎరుక."

నాలుగు తిట్లు తిట్టి ఉంటే దస్తగిరి హాయిగా ఆవిడను ద్వేషించేవాడు. ఆ ఒక్క అవకాశమూ ఆవిడ మిగల్చలేదు. ఉద్యోగం దక్కింది, నూరా బతికింది. అయినా ఆ పిల్ల మంచితనం చూసి కూడా అతనికి కుళ్లే పుట్టింది.