గజ్జె కట్టిన సీసా

మొన్న గన్‌ఫౌండ్రీలో బ్యాంకు మెట్లెక్కుతుంటే ఫినాయిల్ వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళయినా నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

నా చిన్నప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళం. గల్లీలో కలరా సోకిందని నాయన ఫినాయిల్ తెచ్చాడు. అమ్మ ఆ సీసా మెడకు ఒక గజ్జె కట్టి, స్నానాల గదిలో మూలకు పెట్టింది.

"గా సీసా జోలికి పోకు బిడ్డా, పాణం తీస్తది," అంది.

బోనాల్లో అమ్మవారి ముందు గజ్జెలు కట్టుకుని ఊగే పోతరాజును చూసి జడుసుకున్నదాన్ని నేను. కలరా తెచ్చిన అమ్మవారిని మా అమ్మ ఆ సీసాలో బంధించిందనుకున్నాను. స్నానానికి వెళ్ళినా ఆ మూలకు చూసేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం అక్కడ గజ్జె మోగింది. తొంగి చూస్తే, రెండేళ్ళ తమ్ముడు సీసాను ఒళ్ళో పెట్టుకుని బిరడాను పళ్ళతో లాగుతున్నాడు. అమ్మవారు బయటికొస్తుందని నేను గడప దాటలేదు. అంతలో రైలు కూత అందుకుంది. గజ్జె ఊగుతోంది కానీ చప్పుడు వినిపించడం లేదు.

కూత ఆగింది. గజ్జె మళ్ళీ మోగింది. అమ్మ పిండి చేతులతోనే ఉరికొచ్చి సీసా లాక్కుంది. వాడి నోరు వాసన చూసి, కడిగి, బిరడా ఊడలేదని తెలిసాక కూలబడిపోయింది.

"అమ్మవారు బయటికి వచ్చిందా అమ్మా?" అన్నాను.

"ఏ అమ్మవారే? మీరు ముట్టుకుంటే నాకు ఇనబడాలె అని కట్టిన," అంది ఏడుస్తూ.

ఇప్పుడు మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. అయినా ఫినాయిల్ సీసాకు గజ్జె ఉంది. పనమ్మాయి తీస్తున్నప్పుడు మోగినా, చేతిలో పని వదిలేసి లేస్తాను.