గిదే తల్లి, బేటీ!

తొంభైల మొదట్లో నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. మాది కడప. నా ఎత్తు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. బస్సు కండక్టర్లు "పాపా, ముందుకు జరుగు" అన్నప్పుడల్లా ఒళ్ళు మండేది.

ఒకరోజు పొద్దున తార్నాకలో, ఆగి ఉన్న సర్కస్ లారీ పక్కన ఒక గుర్రం గడ్డి మేస్తూ కనిపించింది. నా నడుము ఎత్తు కూడా లేదు. దాన్ని కాచే ముసలాయన పక్కనే బీడీ కాలుస్తున్నాడు.

"ఇంత పసిదాన్ని తీసుకొచ్చేసినారే! దీని తల్లి యాడుంది?" అని చెయ్యెత్తి, జనం ముందే నిలదీశాను.

ఆయన నవ్వాడు. "గిదే తల్లి, బేటీ. గీ జాతి ఎంత పెరిగినా గింతే ఉంటది."

అంతలో గుర్రం సన్నగా సకిలించింది. లారీ నీడలోంచి మేకపిల్లంత గుర్రప్పిల్ల లేచి, తూలుతూ వచ్చి తల్లి పాలు అందుకుంది. నా గాజులో దూరేంత చిన్న గిట్టలు! ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి అలాగే చూస్తుండిపోయాను.

"ఏ క్లాసు చదువుతున్నవ్, బేటీ?" అని అడిగాడాయన.

జువాలజీ అని చెప్పడానికి నోరు రాలేదు. నన్ను పాపా అన్న కండక్టర్లందరినీ అక్కడే క్షమించేశాను.