దుబాయి చెద్దరు జాకెట్

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ట్రక్కు దిగాను. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఎండ కళ్లు చెదిరేలా ఉంది, చలి మాత్రం మైనస్ పన్నెండు. ఎదురుగా ఒక రేకుల షెడ్డు, దాని పక్కన రెండు బంకర్లు, వెనక మంచు కొండ. చెడిపోయిన బండ్లను ఆ షెడ్డులో బాగుచేయాలి. నేను వెల్డర్ని. సైన్యంలో చేరకముందే కోరుట్లలో గేట్లకూ కిటికీలకూ వెల్డింగ్ చేసి చేయి తిరిగినవాణ్ని. ఇక్కడ తొమ్మిది నెలల డ్యూటీ.

షెడ్డు ఇన్‌చార్జి హవల్దారు నా సెల్యూట్ చూడలేదు, నా మెడ చూశాడు.

"గలా బంద్," అన్నాడు. గొంతు గుండీ పెట్టుకొమ్మని.

కిట్టు ఇచ్చాడు. మందపాటి నూలు ఓవరాల్ రెండు జతలు. మోచేతుల దాకా వచ్చే తోలు గ్లౌజులు. తోలు ఏప్రాన్. బూట్ల మీద కట్టుకునే తోలు పట్టీలు. పదకొండో నంబరు నల్లద్దం బిగించిన హెల్మెట్. ప్యాంటు అంచు బూటు మీదుగా కిందికి ఉండాలి, లోపలికి దోపకూడదు. జేబులో అగ్గిపెట్టె ఉండకూడదు. ఒంటికి తగిలేది నూలో ఉన్నియో తప్ప ఇంకేదీ కాకూడదు. రోజూ ఏడున్నరకు తనిఖీ.

కోరుట్లలో నేను హవాయి చెప్పులతో, చలువ కళ్లద్దాలతో వెల్డింగ్ చేసినవాణ్ని. ఈ ముస్తాబంతా నాకు పెళ్లికొడుకు వేషంలా అనిపించింది. మనసులో నవ్వుకున్నాను.

తనిఖీలో దొరకనిది నా దగ్గర ఒకటుంది. మా బావమరిది దుబాయి నుంచి తెచ్చిన చెద్దరు. మా వైపు దుబాయి చెద్దరు లేని ఇల్లుండదు. మెత్తగా, బరువుగా, ఎర్ర గులాబీలతో ఉంటుంది. నాకు చలి పోస్టింగని తెలిసి నా భార్య దాన్ని కోయించి, కోరుట్ల టైలర్‌తో నిలువు కాలరున్న జాకెట్ కుట్టించింది. ఉన్నిలాగే ఉంది కదా అని ఓవరాల్ లోపల వేసుకున్నాను. దాని కాలరు మందం. పై గుండీ పట్టేది కాదు. తనిఖీలో ఊపిరి బిగబట్టి గుండీ పెట్టేవాణ్ని, హవల్దారు వెళ్లగానే తీసేవాణ్ని.

నాకు తోడిచ్చిన మనిషిది సిరిసిల్ల. నేను వెల్డింగ్ చేస్తుంటే ఇసుక బకెట్ పట్టుకుని, నిప్పురవ్వలు ఎటు పడుతున్నాయో కనిపెట్టడం అతని పని. ఆ డ్యూటీని ఫైర్‌వాచ్ అంటారు. అతన్నీ అందరూ అదే పేరుతో పిలిచేవాళ్లు. తండ్రికి ఇంట్లో నాలుగు మరమగ్గాలు.

"అన్నా, ఏ ఊరు మీది?" అని అడుగుతూనే నా ఓవరాల్ చేతిని వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. "నూలే," అని వదిలేశాడు.

అంత దూరంలో మన యాస వినబడితే సంతోషించాలి. నాకు సంతోషం కలగలేదు. ఆ మనిషి మొహం చూసి మాట్లాడడు. బట్టలు చూస్తాడు.

రెండో వారంలో జాకెట్ అంచున ఒకచోట పోగులు ఊడి కనిపించాయి. మూడు రోజులకు ఇంకోచోట. ఆ సాయంత్రమే నా కళ్లు వాచాయి. గుప్పెడు ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్లు. అసలు కారణం నాకు తెలియకేం కాదు. పొద్దున ఒక ముక్క అతికించేటప్పుడు బద్ధకించి హెల్మెట్ దించలేదు. ఆ వెలుగు దెబ్బ గంటల తర్వాత తెలుస్తుంది. అయినా నా బుద్ధి అటు పోలేదు. బంకర్‌లో అతని మంచం దగ్గర అగ్గిపెట్టె కనిపించింది. తెరిచి చూశాను. లోపల అగ్గిపుల్లలు లేవు. ఆవగింజలంత నల్లటి ఉండలు, వాటికి అంటుకుని ఎర్రటి పోగులు. నా గులాబీల ఎరుపే.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నాకు బాణామతి గుర్తుకొచ్చింది. కోరుట్ల పక్కన మా మల్లాపూర్‌లో చిన్నప్పుడు వినీ వినీ ఎముకల్లోకి ఎక్కిన భయం అది. మనిషి బట్ట పోగు తీసి కాలుస్తారని, ఆ మనిషి మంచాన పడతాడని చెప్పుకునేవారు. పదకొండేళ్ల సర్వీసు, తుపాకీ, యూనిఫారం ఏవీ అడ్డం రాలేదు. ఆ రోజు నుంచి అతను పోసిన చాయ్ తాగలేదు.

చివరికి అడిగేశాను.

"నా జాకెట్ పోగులెందుకు గుంజుతున్నవ్ తమ్మీ?"

"కాల్చి చూస్తున్న అన్నా," అన్నాడు, తడుముకోకుండా. "నూలైతే బూడిదైతది. ఉన్నైతే ఎంటికలు కాలిన వాసనొస్తది. గిది కరిగి ఉండైతున్నది. ఇప్పెయ్యన్నా, మంచిది గాదు."

"ఏంది మంచిది గానిది?"

"నిప్పు పడితే ఒంటికి అంటుకుంటది. మా బాపు కొత్త దారం అచ్చిందంటే ముందు పోగు కాల్చి చూస్తడు. షాపోని మాట నమ్మడు."

"మరి హవల్దార్ సాబ్‌కు చెప్పకపోయినవ్?"

"మన జిల్లాలోడివని."

ఒక్క ముక్క నమ్మలేదు. వెచ్చటి జాకెట్ మీద కన్నేశాడు, నేను విప్పితే తను తొడుక్కుంటాడు అనుకున్నాను. పైగా ఒకప్పుడు ఒకటే అయినా ఇప్పుడు మా ఇద్దరి జిల్లాలు వేరయ్యాయి కదా, ఈ ప్రేమ ఎక్కడిదని మనసులోనే వెటకారమాడాను.

నాలుగో వారం, ఉదయం పదకొండు నలభై. రేడియో పలికింది.

"మంచు తోసే బండి చేయి విరిగింది. రోడ్డు మూసుకుపోయింది. అవతల పోస్టులో ఒకరికి ఊపిరి అందడం లేదు. రెండు గంటల్లో కావాలి. ఓవర్."

"రెండు గంటల్లో. ఔట్," అన్నాడు హవల్దారు.

పన్నెండు పదికి, షెడ్డులోకి లాక్కొచ్చిన బండి కిందకు దూరాను. పగులు పైన ఉంది. తల పైకెత్తి చేయాల్సిన పని. అలాంటప్పుడు రవ్వలన్నీ గొంతు మీదికే రాలతాయి. హవల్దారు మళ్లీ రేడియో దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, గుండీ పెట్టుకో."

"నీ బకెట్ నువ్వు చూసుకో."

మూడో వెల్డింగ్ రాడ్డు సగంలో ఉంది. మెడ కింద చురుక్కుమంది. రవ్వ పడిందిలే, ఆరిపోతుంది అనుకున్నాను. ఆరలేదు. పాకింది. ప్లాస్టిక్ కాలిన వాసన ముక్కుకు తగిలింది. నా రెండు చేతులకూ గ్లౌజులు, నెత్తిన హెల్మెట్, ఏప్రాన్ వెనక ముడి. అరిచాను.

అతను బండి కిందకు వచ్చాడు. గ్లౌజు చెయ్యి నా కాలరులోకి పట్టలేదు. ఒక్క గుంజుతో గ్లౌజు తీసి పారేశాడు. ఉత్త చెయ్యి లోపలికి దూర్చి, కరుగుతున్న కాలరును పిడికిట్లో పట్టి బయటికి చించాడు. పిడికిలి మళ్లీ తెరుచుకోలేదు.

హవల్దారు పరుగున వచ్చి ఆ చేతి మీద చల్లని నీళ్లు పోస్తూనే ఉన్నాడు. అంటుకున్నదాన్ని ఎవరినీ పీకనివ్వలేదు. నేను గొంతుకు తడి గుడ్డ చుట్టుకుని, జాకెట్ లేకుండా, గుండీ పెట్టుకుని మిగిలిన రాడ్లు కాల్చి పగులు అతికించాను. పది నిమిషాలు ఆలస్యంగా, ఒంటిగంట యాభైకి బండి కదిలింది. అవతలి మనిషి బతికాడు. అదే బండి తోసిన దారిలో మా ఫైర్‌వాచ్ కూడా ఆసుపత్రికి వెళ్లాడు.

పది రోజులకు చూడ్డానికి వెళ్లాను. మంచం పక్కన నిలబడి నిజం చెప్పేశాను.

"నువ్వు నామీద బాణామతి జేస్తున్నవనుకున్న తమ్మీ."

ఈసారి నా మొహమే చూశాడు.

"బాణామతి జేసేటోనికి ఇసుక బకెట్ ఎందుకన్నా?" అన్నాడు. నవ్వబోయి, గోడ వైపు తిరిగాడు.

సర్వీసు అయ్యాక ఇంటికొచ్చాను. నా గొంతు కింద రూపాయి బిళ్లంత మచ్చ. కాలరు కింద దాగిపోతుంది. పోయిన ఏడాది జగిత్యాలలో పని చూసుకుని, సిరిసిల్ల బస్సెక్కాను. మగ్గాల చప్పుడులో అతను కొత్త దారం కండెను ఎడమ చేత్తో తడుముతున్నాడు.

"కుడి చేతికి దారం తెలుస్తలేదన్నా," అన్నాడు. "ఎడమ దానికి నేర్పుతున్న. జర మొద్దుది."

చాయ్ తెచ్చాడు. రెండు కప్పులు తాగాను.

ఇప్పుడు కోరుట్లలో నా వెల్డింగ్ షాపుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాడి అంగీ నుంచి ముందు ఒక పోగు లాగి బయట కాల్చి చూస్తాను. ఉండ కట్టిందా, నూలు అంగీ తొడిగి, గొంతు గుండీ పెట్టించాకే రాడ్డు చేతికిస్తాను. ఈ పెద్దాయనకు ఏదో ఉందని వాళ్లు నన్ను అదోలా చూస్తారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. కోపం రాదు.

కానీ పోగు అంటుకున్న ప్రతిసారీ ఆ షెడ్డు నేల కనిపిస్తుంది. నూనె మరకల మధ్య, అతను విసిరేసిన తోలు గ్లౌజు. లోపల చెయ్యి లేదు. వేళ్లు మాత్రం వంగే ఉన్నాయి, ఇంకా బకెట్ పట్టుకున్నట్టు.