చుక్కాని పట్టిన చేతులు

పోయిన వారం, పోర్ట్ బ్లెయిరుకి ఎదురు ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ జెట్టీలో వెహికల్ ఫెర్రీ కోసం స్కూటీ మీద కూర్చుని ఎదురుచూస్తుంటే, నా ముందు వరసలో ఒక పొడుగు ముక్కు కారు నిలబడి ఉంది. లోపల డ్రైవరు లేడనుకున్నాను. ఫెర్రీ వచ్చి ర్యాంపు దించాక ఆ కారు తనంతట తానే కదిలినట్టు కదిలి, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. అప్పుడు కనిపించింది, స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న తల. ఆ అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. వెనక లారీవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఫెర్రీ మీద తాళ్ళు కట్టే లస్కరు "అరే దీదీ, క్లచ్ దబావో!" అని అరుస్తున్నాడు. బైకుల మీద కుర్రాళ్ళు ఇకిలిస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దిగి వెళ్ళి, అందరికంటే గట్టిగా ఇకిలిస్తున్నవాడి హెల్మెట్ మీద నా గొడుగుతో ఒక్కటిచ్చాను. "పాగల్ హై క్యా ఆంటీ?" అన్నాడు వాడు బిత్తరపోయి. పాగలే మరి. నేనూ ఒకప్పుడు అలాంటి సీట్లో కూర్చున్నదాన్నే.

మా అమ్మ వైపు వాళ్ళందరం పొట్టే. మా ఇంట్లో అటక మీది డబ్బా దించాలంటే ఒకరు స్టూలు పట్టుకోవాలి, ఒకరు ఎక్కాలి, ఇంకొకరు కింద నిలబడి తిట్టాలి. అన్నయ్య ఒక్కడికే నాన్న పొడుగు వచ్చింది. దాంతోపాటు, నాన్నకి లేని కోపం కూడా ఎక్కణ్ణించో వచ్చి చేరింది. అన్నయ్య షిప్పు ఇంజనీరు. కోవిడ్‌కి ఏడెనిమిదేళ్ళ ముందు చెన్నైలో ఎవరో వాడిన ఎర్ర స్పోర్ట్స్ సెడాన్ ఒకటి కొని, ఓడలో వేసి పోర్ట్ బ్లెయిరుకి తెచ్చాడు. గంతకి తగ్గ బొంత అంటారు గానీ, మా ఊరి రోడ్లకీ ఆ బండికీ ఏ పోలికా లేదు. నేలకి జానెడెత్తున పాకుతూ పోయేది. వీధిలో స్పీడ్ బ్రేకరు వస్తే దాని పొట్ట గీసుకునే చప్పుడుకి అన్నయ్య పళ్ళు కొరికేవాడు. సెలవు అయిపోయి తను ఓడెక్కాక, అది మిన్నీ బేలో మా ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని నెలల తరబడి పడుకునేది. నేను హార్బరు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తాని, నాన్న జీవితమంతా సముద్రం మీద డుంగీ పడవ నడిపినవాడు. ఇద్దరికీ కారుతో పని లేదు, తుష్నాబాద్‌లో అక్క సంగతి ముదిరేదాకా.

అక్కని తుష్నాబాద్ ఇచ్చాం, పోర్ట్ బ్లెయిరుకి గంట దూరంలో పల్లె. బావకి వక్క తోట, కొబ్బరి చెట్లు ఉన్నాయి. మనిషి చూడ్డానికి నెమ్మది. కొట్టడం కూడా నెమ్మదిగానే కొట్టేవాడు, అరుపూ కేకా లేకుండా, పని చేసుకుంటున్నట్టు. మొదటిసారి నేను చూసినప్పుడు అక్క చెవి వెనక జుట్టు పిడికెడు లేదు. రెండోసారి పెదవి చీలి ఉంది. ఒకసారి వేడి గంజి వీపు మీద పోశాడు. మావాళ్ళలో ఇలాంటిదొస్తే కులపెద్దలు కూర్చుంటారు. మొగుడిదే తప్పని తేలితే అతను "తప్పు" కట్టాలి, ఆ సొమ్ముతో పెద్దలకి మందూ చేపల పులుసూ పెట్టాలి. పెట్టేవాడు, మహారాజు, ఏ సారీ కాదనలేదు. ఆ పులుసు వండేది మాత్రం అక్కే. వీపు మీద బొబ్బలతో వంగి, వంజరం ముక్కలకి ఉప్పూ పసుపూ రాస్తుంటే, వాకిట్లో పెద్దమనుషులు "కారం కాస్త తగ్గించమ్మా" అనేవారు. అన్నయ్య సెలవులో ఉండగా ఒకసారి వెళ్ళి బావని వక్క చెట్టుకి ఆనించి మొహం వాచేలా కొట్టాడు. తను ఓడెక్కిన మర్నాడు, ఆ దెబ్బలన్నీ అక్కకి తిరిగి పడ్డాయి.

అక్క పారిపోలేదా అంటే, పారిపోయింది. పాపని చంకనేసుకుని రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కింది. ఆ ఆటోవాడు బావ నేస్తుడు. "గుస్సా మత్ కరో భాభీ, ఘర్ చలో" అని బుజ్జగిస్తూ, ఊరు చుట్టూ ఒక తిప్పు తిప్పి, మళ్ళీ బావ గుమ్మంలోనే దింపాడు. పుణ్యం చేశాననుకున్నాడు వెధవ. ఆ రోజు బావ అక్క చెయ్యి విరిచాడు. పోర్ట్ బ్లెయిరు టాక్సీవాళ్ళేమో మొగుడూ పెళ్ళాల గొడవ అనగానే రామనేవాళ్ళు. అందుకని, మళ్ళీ సెలవుకొచ్చిన అన్నయ్యతో చెప్పాను, నీ బండి నాకు నేర్పు అని. "నువ్వా? పొట్టీ, నీకు గాల్లో ఏలాడ్డానికి సీటెందుకే?" అన్నాడు. అని, తాళాలు నా మీదికి విసిరాడు.

ఆ నేర్పడం ఏం నేర్పడమో! సీటు ముందుకి ఎంత జరుగుతుందో అంతా జరిపాం, స్టీరింగు నా గుండెలకి జానెడు దూరంలోకొచ్చింది. అయినా క్లచ్చి అందలేదు. అది మెత్తటి క్లచ్చా, పాపం, ఇసక బస్తాని కాలితో నెట్టినట్టుండేది. పూర్తిగా తొక్కాలంటే సీట్లోంచి కిందికి జారాలి. జారితే కళ్ళు డ్యాష్‌బోర్డు కిందికి పోతాయి. రోడ్డు చూస్తే గేరు పడదు, గేరు వేస్తే రోడ్డు కనపడదు. కింద దిండు వేస్తే తల లేచింది, కాళ్ళు కూడా లేచాయి. బండి గుర్రంలా ఎగిరి ఆగినప్పుడల్లా నా గడ్డం స్టీరింగుకి కొట్టుకునేది, అదే క్షణంలో అన్నయ్య చెయ్యి నా నెత్తి మీద పడేది. "క్లచ్ తొక్కవే అంటే దానికి దండం పెడతావేటి!" అనేవాడు. మూడో రోజుకో నాలుగో రోజుకో, గేరు మీదున్న నా వేళ్ళ మీద పిడికిలితో గుద్దాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని రక్తం వచ్చేలా కొరికాను. ఇద్దరం ఆ ఇరుకు సీట్లలోనే జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకుంటే, దారిన పోయే ముసలాయన మమ్మల్ని మొగుడూ పెళ్ళాలనుకుని, అద్దం మీద తట్టి "మియా బీవీ ఘర్ మే లడో" అని బుద్ధి చెప్పి వెళ్ళాడు. ఆ పూట మాత్రం ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. బావ చేతికీ మా అన్నయ్య చేతికీ తేడా ఏమిటని నేను ఆ రాత్రి ఆలోచించకపోలేదు. అన్నయ్యని తిరిగి కొరకొచ్చు, అదీ తేడా.

చివరికి దారి చూపించింది నాన్న. దిండు కింద వెయ్యడం మాని, లైఫ్ జాకెట్ ఒకటి మడిచి నా వీపు వెనక పెట్టాడు. డుంగీ అంచుకి కట్టే రబ్బరు ముక్కని కోసి, క్లచ్చి పెడల్ మీద వల తాడుతో చుట్టి చుట్టి ముడేశాడు. తన స్పోర్ట్స్ పెడల్‌కి వల తాడు కట్టడం చూసి అన్నయ్య తల బాదుకున్నాడు గానీ, నా పాదం మొదటిసారి నేలదాకా వెళ్ళింది. ఇంకొక్క చిక్కు మిగిలింది, దానికి తాడు లేదు. చిన్నప్పుడు నాన్నతో వేటకెళ్ళేది నేనే. డుంగీ వెనక కూర్చుని ఇంజను పిడి పట్టుకునేదాన్ని. పడవ ఎడమకి పోవాలంటే పిడి కుడికి నెట్టాలి, కుడికి పోవాలంటే ఎడమకి. నడక వచ్చిన కొత్తలోనే వచ్చిన విద్య అది. కారులో మామూలుగా బాగానే తిప్పేదాన్ని, కానీ కంగారు పుట్టిందా, కోపమొచ్చిందా, చేతులు పడవలోకి వెళ్ళిపోయేవి. ఎదురుగా మేక వస్తే తప్పించబోయి మేక మీదికే పోయాను ఒకసారి. "ఒలమ్మో, ఇది నేలే, సముద్రం కాదు!" అని అన్నయ్య గోలపెట్టేవాడు. నాన్న మాత్రం "సేతులు మరిసిపోవురా. ఆటికి వొయిసు రాదు" అనేవాడు. అన్నయ్య ఓడెక్కి వెళ్ళాక కూడా ఒంటరిగా కార్బిన్స్ కోవ్ వైపు, గారచర్మ వైపు తిప్పి తిప్పి నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అక్క ఫోను చేసింది. గొంతు గుసగుసలాడుతోంది. "ఒలే, పాప మీద సెయ్యేసినాడే. గోడకేసి కొట్టినాడు. నువ్వొచ్చి పాపని తీసుకుపో. నానుండిపోతాను." ఎందుకుండిపోతావే అంటే, "ఇద్దరం పోతే ఎనక పడతాడు, ఒక్కదాన్నయితే పడ్డు" అంది. దాని లెక్క అది. అప్పటికి పాపకి ఐదేళ్ళు. నేను ఇంటికెళ్ళి టార్పాలిన్ లాగి పారేసి బయల్దేరాను. చౌల్దారి దాటాక మలుపుల్లో ఎన్నిసార్లు బండి ఆగిందో, ఎంతమంది నన్ను తిట్టారో తెలీదు. భయం వెయ్యలేదు. నాకు తెలిసిన బూతులన్నీ వరసగా అనుకుంటూ పోయాను.

వాకిట్లోకి కారు ముక్కు పెట్టేసరికి వక్కకాయలు ఎండబోసి ఉన్నాయి. వాటి మీదుగానే పోనిచ్చాను. అక్క అరుగు మీద నిలబడి ఉంది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పాప నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి, మధ్యలో చర్మం చిట్లి ఉంది. పాపని వెనక సీట్లో పడేసి అక్క వెనక్కి తిరగబోతే, దాని జాకెట్టు పట్టి ముందు సీట్లోకి లాగాను. "ఎక్కకపోతే మీ ఆయనకంటే ముందు నేనే చంపుతాను" అన్నాను. వెనక్కి తిప్పుకుని గేటుకి ఎదురుగా వచ్చేసరికి, పెరట్లోంచి బావ వచ్చాడు. చేతిలో కొబ్బరికాయలు కొట్టే దావు, మూరెడు కత్తి. గేటు ఎడమ పక్క, అక్క కూర్చున్న వైపు వచ్చి నిలబడి, నెమ్మదిగా, పని చేసుకుంటున్నట్టు, బానెట్ మీద ఒక వేటు వేశాడు. తర్వాత అద్దం మీద. అద్దమంతా సాలెగూడులా పగిలింది. పాప కేక. "దిగు" అన్నాడు అక్కతో. "దిగితే ఏటీ అన్ను. దిగు." రోడ్డు మీద నలుగురు ఆడా మగా నిలబడి చూస్తున్నారు, ఎవరూ కదల్లేదు.

అతన్ని తొక్కించేద్దామనుకున్నాను. సందేహం లేకుండా, మనసంతా పెట్టి అనుకున్నాను. కారు ముక్కు ఎడమకి తిప్పి, గేటు స్తంభానికి అతన్ని నొక్కి పట్టెయ్యాలని. క్లచ్చి వదిలి, యాక్సిలరేటరు నేలదాకా తొక్కాను. నా ఒంట్లో ఉన్న కోపమంతా చేతుల్లోకొచ్చింది. వచ్చేసరికి చేతులు పడవలోకి వెళ్ళిపోయాయి. ఎడమకి పోవాలి గనక, బలమంతా పెట్టి కుడికి తిప్పాను. కారు అతన్ని వదిలేసి కుడికి ఎగిరింది. కుడి పక్క స్తంభం ఒరుసుకుని, హెడ్‌లైటు పగిలి, రోడ్డు మీద పడింది. పడేలోగా అతను దావు ఎత్తి, అద్దం దించి ఉన్న అక్క కిటికీలోకి కొట్టాడు. అక్క మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేటు ఆ చేతి మీద పడింది.

ఆ దారంతా రెండో గేరులోనే నడిపాను. క్లచ్చి కాలిన వాసన, రక్తం వాసన. అక్క తన చేతిని చీర కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కొంగు నానిపోతే, పాప తన గౌను తీసి ఇచ్చింది. "ఏడవకే పొట్టీ, రోడ్డు సూడు" అంటుంది అక్క, నాతో. ఆసుపత్రిలో చూపుడు వేలూ మధ్య వేలూ నిలబెట్టలేకపోయారు. కట్టు కట్టాక దాని మంచం పక్కన కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నేను తప్పించలేదే, గుద్దబోయాను, చేతులు మోసం చేశాయి, సరిగ్గా తిప్పి ఉంటే నీ వేళ్ళు ఉండేవి అని. అక్క కప్పు వైపు చూస్తూ, "సరిగ్గా తిప్పుంటే నువ్వు జైల్లో ఉందువు. నన్నెవరు తెత్తురు ఇక్కడికి?" అంది. తర్వాత, "కాలు మీదికయినా ఎక్కించలేకపోయావేటే" అని నవ్వబోయి, నొప్పికి మూలిగింది.

బావ మీద కేసు నడిచింది, శిక్ష పడింది. ఈసారీ తప్పు కట్టిస్తామంటూ కబురు పెట్టిన పెద్దలని నాన్న గుమ్మంలోంచే తరిమాడు. అక్క మిన్నీ బేలో మాతోనే ఉండిపోయింది, మూడు వేళ్ళ చేత్తో టిఫిన్ సెంటరు నడుపుతోంది. చట్నీ ఉప్పగా ఉందన్నవాళ్ళకి రెండోసారి వెయ్యదు. కారుకి అన్నయ్య కొత్త అద్దం వేయించి అమ్మేశాడు. బావ జైలు నుంచి వచ్చాక పక్షవాతంతో మంచాన పడి, తుష్నాబాద్‌లో అన్న కొడుకుల దగ్గర ఉన్నాడు.

పాప ఇప్పుడు నర్సింగు చదువుతోంది, నాకంటే పొడుగు. నెలకోసారి వెళ్ళి అతనికి మందులిచ్చి, గోళ్ళు కత్తిరించి వస్తుంది. ఎలా వెళ్ళగలుగుతున్నావే, నీ నుదుటి మీద ఆ మచ్చ ఉండగా అని ఈ మధ్య భోజనాల దగ్గర దాని స్నేహితురాలు అడిగింది. పాప అన్నం కలుపుతూ, చాలా మామూలుగా చెప్పింది: "నాను ఎనక సీట్లో ఉండి సూసినాను కదా. నాన్న కత్తట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు, పిన్ని కావాలంటే గుద్దీగలదు. తప్పించింది. ఎంత కోపమొచ్చినా నాకు అదే గుర్తొస్తాది యార్." నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అక్క నా వైపు చూసి, ఆ మూడు వేళ్ళతోనే నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. నేను నోరు విప్పలేదు, ఇక విప్పను కూడా. ఏళ్ళు గడిస్తే కోపాలు చల్లారతాయంటారు, నాదైతే ఆ రోజు ఎంతుందో ఈ రోజూ అంతే ఉంది. కానీ ఇన్నేళ్ళూ ఆ కోపం పక్కనే, నేను చెయ్యని మంచి ఒకటి పెరిగి పెద్దదై, గోళ్ళు కత్తిరించడానికి బస్సెక్కి వెళ్ళొస్తోంది.