ముప్పై రెండో ముక్క

ఎనభైల మొదట్లో మేం బారిడీహ్‌లో, ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఒక శనివారం బడి నుంచి గణితం పోటీ కాగితం తెచ్చింది. ఐదు ప్రశ్నలు. ఇంటి దగ్గరే చేసి, తండ్రి సంతకంతో సోమవారం ఇచ్చెయ్యాలి. మూడు సరిగ్గా ఉంటే పట్నాలో జరిగే పెద్ద పోటీకి పిలుస్తారు. ఆమె అప్పటిదాకా రైలెక్కిందంటే అది మా ఊరి వైపు పోయే రైలే. పట్నా మీద ఎంత ఆశంటే, పిలుపు రాకముందే సంచీ ఉతికి ఆరేసింది.

రెండు ప్రశ్నలు తనే చేసింది. రెండింటికి దణ్ణం పెట్టి వదిలేసింది. ఇక మిగిలిన ఒక్కదానిమీదే పట్నా ఆధారపడి ఉంది. ఒక గుండ్రం అంచు మీద ఆరు చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో తిన్నటి గీతలతో కలిపితే, లోపలి జాగా ఎక్కువలో ఎక్కువ ఎన్ని ముక్కలవుతుంది? ఎందుకో నిరూపించాలి.

నేను చదివింది ఏడో తరగతి వరకే. అయితే ఫ్యాక్టరీ స్టోర్సులో పద్దెనిమిదేళ్ళుగా బోల్టులూ బేరింగులూ లెక్కపెడుతున్నాను. వడ్డీ లెక్కలూ ఘనమూలాలూ సొంతంగా నేర్చుకున్నాను. రెండు చుక్కలకి రెండు ముక్కలు. మూడింటికి నాలుగు. నాలుగింటికి ఎనిమిది. ఐదుకి పదహారు.

"ఆరుకి ముప్పై రెండు. రాసెయ్," అన్నాను.

"నాన్నా, గిన్‌కే దేఖో," అంది. లెక్కపెట్టి చూడమని.

కంపాసుతో కొలిచి, చుక్కలు సమానమైన దూరాల్లో పెట్టి గీశాను. ముప్పై వచ్చాయి. నడుమ మూడు గీతలు ఒకే చోట కలిసి ఒక ముక్కని మింగేశాయని తెలిసింది. ఒక చుక్కని కొంచెం జరిపితే ఆ సందులో నువ్వుగింజంత త్రికోణం బయటపడింది. ముప్పై ఒకటి. ఒకటి దొరికిందంటే రెండోదీ దొరుకుతుంది.

స్టోర్సులో ఒక నియమం ఉంది. పుస్తకంలో ముప్పై రెండూ, నేలమీద ముప్పై ఒకటీ ఉంటే, తప్పు నేలదే. సరుకు ఎక్కడో దాక్కుందన్నమాట. ఒకసారి తగ్గిన బేరింగు మూడు రోజుల తర్వాత, తలుపు కొట్టుకోకుండా అడ్డు పెట్టి ఉండగా దొరికింది. అది అంతకుముందు నేనే పెట్టాను.

ఆదివారం పొద్దున్నే వీధి అరుగు మీద సుద్దతో పెద్ద గుండ్రం గీశాను. పక్క క్వార్టరు బావ వచ్చాడు. రోలింగ్ మిల్లులో ఫిట్టరు, మా జిల్లావాడే.

"ఏటి బావా, ముగ్గులు నువ్వే ఎడతన్నావేటి?"

"ఒక ముక్క తగ్గింది."

"ఏ ముక్క?"

"ముప్పై రెండోది."

ఫిట్టరు కదా, ఊరుకోలేకపోయాడు. మా ఆవిణ్ణడిగి ముప్పై రెండు శనగగింజలు తెచ్చి ముక్కకొకటి చొప్పున పెట్టుకొచ్చాడు. చివరికి ఒకటి చేతిలో మిగిలింది.

"గింజున్నాది గానీ గది నేదు బావా. నాలాగే. మూడేళ్ళు నా పేరు లిస్టులో ఉండేది, క్వార్టరు మాత్రం ఉండేది కాదు."

"ఆ గింజ తినీసి లెక్క సరిపెట్టుకోండి," అంది లోపల్నుంచి మా ఆవిడ.

అప్పటికే మా అమ్మాయి ముప్పై ఒకటని జవాబు రాసుకుని, సంతకం కోసం నిలబడి ఉంది.

"తేడా తేలకుండా సంతకం పెట్టను," అన్నాను.

దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఆవిడ గరిటతో సహా బయటికొచ్చింది. "ఏటండీ, గుంట పట్నా ఎల్లాలంటే ముందు మీ ముక్క దొరకాలా?"

పిల్ల కళ్ళు తుడుచుకుంది. తడిగుడ్డ తెచ్చి, గింజలు ఊడ్చి, గీతలన్నీ తుడిచేసింది. ఈసారి నాకోసం తెలుగులోనే చెప్పింది.

"పోయిందాన్ని ఎతక్కు నాన్నా. వచ్చినవి రాసుకో. గీతలేవీ లేనప్పుడు ఎన్ని ముక్కలు?"

"ఒకటి."

"ఒక గీత లోపలికొస్తే ఒక ముక్క పెరుగుతాది. దారిలో ఎన్ని గీతల్ని దాటితే ఇంకా అన్ని పెరుగుతాయి. సరేనా?"

గీసి చూశాను. సరే.

"గీతలెన్ని?"

"ఆరు చుక్కల్లో రెండేసి చొప్పున జతలు. పదిహేను."

"రెండు గీతలు దాటుకోవాలంటే నాలుగు కొసలు కావాలి. ఏ నాలుగు చుక్కలు తీసినా దాటుకునేది ఒక్క చోటే. ఆరులో నాలుగు తియ్యడమంటే రెండు ఒదిలెయ్యడమే కదా. అదీ పదిహేనే."

ఒకటి, పదిహేను, పదిహేను. ముప్పై ఒకటి. ఐదు చుక్కలకి చూసుకున్నాను: ఒకటి, పది, ఐదు. పదహారు. అక్కడిదాకా రెట్టింపవుతూ వచ్చింది గానీ, ఎప్పటికీ అలాగే పెరుగుతానని అది ఎవరికీ మాటివ్వలేదు.

"అయితే ఆ ముప్పై రెండోది ఏటయినట్టు?" అన్నాడు బావ.

"పోలేదు మావా. అసలు రానేలేదు."

మరి పుస్తకంలో ముప్పై రెండని ఎక్కించిందెవరు? నేనే. చలాను లేకుండా, సరుకు చూడకుండా. స్టోర్సులో ఇంకెవరైనా ఆ పని చేసుంటే ఆ రోజే మెమో ఇప్పించి ఉండేవాణ్ణి.

పెన్ను తీసి సంతకం పెట్టాను. చెయ్యి అలవాటు మానదు కదా, దాని కింద "సరిచూడబడినది, తరుగు లేదు" అని స్టోర్సులో రాసినట్టే ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, రెండు గీతలు కొట్టాను.

"నాన్నా!" అని అరిచింది. "నువ్వు దిద్దావనుకుంటారు!"

చివరి పేజీ మొత్తం మళ్ళీ రాసింది. రాసినంతసేపూ నా వంక చూడలేదు. రెండోసారి సంతకానికి పట్టేంత జాగా మాత్రం వదిలి, చుట్టూ స్కేలూ, జామెట్రీ పెట్టె, తన రెండు చేతులూ అడ్డం పెట్టింది.

నెల తర్వాత పట్నా పిలుపొచ్చింది. ఆ ఫారం మీద తండ్రి సంతకం రెండుచోట్ల కావాలట. పెన్ను నా చేతికి ఇవ్వడానికి ముందు మా ఆవిణ్ణి కూడా పిలిచి పక్కన నిలబెట్టింది.